ఎడమ ఇండికేటర్ వేస్తే ఎర్ర లైటు ఎందుకు కొట్టుకుంటోంది? క్యాంపర్ ట్రైలర్ లైట్ల చిక్కుముడి

తమ్ముడూ, నన్ను అన్నా అన్నావు కాబట్టి నేనూ నువ్వనే రాస్తాను, ఏమీ అనుకోకు. నువ్వు రాసినదాంట్లో నాకు అర్థమైంది ఇదీ. బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటావు. పాత డీజిల్ ఎస్‌యూవీకి హుక్కు పెట్టించి, ఎవరో వాడిన క్యాంపర్ ట్రైలర్ (బండి వెనక లాక్కెళ్లే చిన్న ఇల్లు) కొన్నావు. దసరా సెలవుల్లో పిల్లల్ని తీసుకుని గండికోట వెళ్లాలని ప్లాను. కుడి ఇండికేటర్ బాగానే ఉంది. ఎడమది వేస్తే మాత్రం ట్రైలర్ మీద పసుపు లైటు సన్నగా వెలుగుతోంది, దాంతోపాటే పక్కనున్న ఎర్ర లైటు కూడా కొట్టుకుంటోంది. బ్రేక్ తొక్కి ఇండికేటర్ వేస్తే ఇంకా తమాషా: బండి ఇండికేటర్ వెలిగినప్పుడు ట్రైలర్‌ది ఆరుతుంది, అది ఆరినప్పుడు ఇది వెలుగుతుంది. లోపల నీళ్ల పంపు ఆన్ చేస్తే సీలింగ్ లైట్లు డిమ్ అవుతాయి. ఒక రిసార్టులో కరెంటు ప్లగ్ పెట్టాక తలుపు పిడి పట్టుకుంటే జిల్లుమంది. మెకానిక్ రెండుసార్లు బల్బులు మార్చాడు. ఇప్పుడు అన్నీ ఎల్ఈడీ చేసి, వైరింగ్ మొత్తం కొత్తగా లాగాలంటున్నాడు. ఒప్పుకోవాలా అని అడిగావు.

ఇప్పుడే ఒప్పుకోకు. నేను హిందూపురం నుంచి వచ్చి ఇక్కడ జేసీ రోడ్డు వెనక సందుల్లో పని నేర్చుకున్నవాణ్ణి. లారీలు, ఫుడ్ ట్రైలర్లు, అడపాదడపా నీలాంటివాళ్ల క్యాంపర్లు చూస్తూ ఇరవై ఏళ్లు దాటాయి. నువ్వు రాసిన లక్షణాలకు బల్బు మారిస్తే ఉపయోగం లేదు.

కానీ లైట్ల సంగతి తర్వాత. తలుపు జిల్లుమన్న మాట నువ్వు ఆఖర్లో, నవ్వుతూ రాశావు. అసలు భయపడాల్సింది దానికి.

నీ ట్రైలర్‌లో రెండు కరెంట్లున్నాయి. లైట్లు, పంపు నడిపే 12 వోల్టుల డీసీ ఒకటి. రిసార్టులో ప్లగ్ పెడితే వచ్చే 230 వోల్టుల ఏసీ రెండోది. బ్యాటరీ చార్జర్ ఈ రెండోదాంతోనే నడుస్తుంది. ఆ చార్జర్ లోపల ఫేజు, న్యూట్రల్ నుంచి దాని రేకు డబ్బాకి చిన్న ఫిల్టర్ కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ సరిగ్గా ఉంటే వాటి గుండా కారే కాస్త కరెంటూ భూమిలోకి పోతుంది, నీకు తెలియను కూడా తెలియదు. ఎర్త్ లేకపోతే ట్రైలర్ బాడీ మొత్తం సుమారు సగం వోల్టేజీ మీద, అంటే 115 దగ్గర, తేలుతూ ఉంటుంది. ముట్టుకుంటే చీమ కుట్టినట్టు ఉంటుంది. ఆ ఒక్క కారణమే అయితే పెద్ద ప్రమాదం కాదు. కానీ లోపల ఎక్కడైనా ఫేజు వైరు రాపిడికి చిట్లి బాడీకి తగిలినా, మొదటిరోజు పొడి చెప్పులతో పట్టుకుంటే ఇలాగే జిల్లుమంటుంది. రెండో రోజు తడి గడ్డిలో ఒట్టి కాళ్లతో పిల్లవాడు పట్టుకుంటే కథ వేరు. చేతి స్పర్శతో ఈ రెంటికీ తేడా చెప్పగలిగే మొనగాడు నాకింతవరకు కనిపించలేదు.

ఇది తేలేదాకా ట్రైలర్‌ని 230 వోల్టులకు కలపొద్దు. ఈ భాగం లైసెన్స్ ఉన్న ఎలక్ట్రీషియన్‌తో చూపించు, నువ్వు చెయ్యి పెట్టకు. ట్రైలర్ లోపల 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సప్లై కట్ చేసే స్విచ్చు) ఉందా, ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను నుంచి ఛాసిస్ (ట్రైలర్ కింది ఇనప చట్రం) దాకా తీగ తెగకుండా ఉందా, ఈ రెండూ చూడమని అడుగు. ఆర్‌సీసీబీ ఉంటే ఎర్త్ అక్కర్లేదనే వాళ్లుంటారు, వినకు. రెండూ కావాలి. ఇక రిసార్టుల్లో సాకెట్‌కి మూడు రంధ్రాలుంటాయి గానీ వెనక ఎర్త్ తీగే ఉండని చోట్లు ఎన్నో. ప్లగ్ పెట్టేముందు అక్కడి ఎలక్ట్రీషియన్‌తో మీటరు పెట్టించు. ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య 230 రావాలి, ఫేజుకీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే రావాలి, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. ఫేజు-ఎర్త్ మధ్య 80, 100 లాంటి అంకె ఊగుతుంటే అక్కడ ఎర్త్ లేనట్టే. ఆ రాత్రికి బ్యాటరీతోనే గడుపు.

ఇప్పుడు నీ ఎడమ మూలకి వద్దాం. మా పనిలో 12 వోల్టుల నెగిటివ్‌ని కూడా ఎర్త్ అనే అంటాం. ఇక్కడి నుంచి ఎర్త్ అంటే బ్యాటరీ నెగిటివ్‌కి తిరిగిపోయే దారి అనుకో, పైన చెప్పిన భూమి ఎర్త్ కాదు.

మన ఊళ్లో మడికి నీళ్లు కడతారు చూడు. కాలువ నుంచి నీళ్లు వస్తాయి, రెండో వైపు తూము గుండా బయటికి పోతాయి. ఆ తూము మూసుకుపోతే నీళ్లు ఆగవు, పక్క మడి గట్టు తెంచుకుని అటు పోతాయి. నీ ఎడమ లైట్ల డబ్బాలో జరుగుతున్నది అదే. పసుపు బల్బు, ఎర్ర లైటులోని రెండు ఫిలమెంట్లు (వెలిగే సన్నతీగలు: ఒకటి బ్రేక్‌ది, ఒకటి పార్కింగ్ లైట్లతో వెలిగే టెయిల్‌ది), ఈ మూడింటికీ వచ్చే తీగలు వేరు, తిరిగిపోయే ఎర్త్ మాత్రం ఒక్కటే. ఆ ఒక్కటీ తెగింది. ఇండికేటర్ వేశావు, కరెంటు పసుపు బల్బులోకి వచ్చింది. తిరిగిపోయే దారి లేదు. అందుకని పక్కనున్న బ్రేక్ ఫిలమెంటులోకి వెనక నుంచి దూరి, బ్రేక్ వైరు పట్టుకుని ముందుకు వెళ్లి, కుడివైపు బ్రేక్ బల్బు, బండి బ్రేక్ బల్బుల గుండా నెగిటివ్‌కి చేరింది. రెండు మూడు ఫిలమెంట్లు వరసగా దాటాలి కాబట్టి ఏదీ నిండుగా వెలగదు. పసుపూ సన్నం, ఎరుపూ సన్నం.

ఇప్పుడు బ్రేక్ తొక్కు. బ్రేక్ వైరులో కూడా 12 వోల్టులు ఉన్నాయి. ఇండికేటర్ వెలిగే క్షణంలో పసుపు బల్బుకి రెండు వైపులా ప్లస్సే, కరెంటు ఎటూ కదలదు, బల్బు ఆరుతుంది. ఇండికేటర్ ఆరిన క్షణంలో బ్రేక్ కరెంటు పసుపు బల్బులోంచి ఎదురెక్కి, బండి ఇండికేటర్ బల్బుల గుండా నెగిటివ్‌కి పోతుంది, పసుపు సన్నగా వెలుగుతుంది. అందుకే తలకిందులుగా కొట్టుకోవడం. రాత్రిపూట పార్కింగ్ లైట్లు వేసి, బ్రేక్ తొక్కి, ఎడమకు తిప్పావనుకో, మూడు తీగల్లోనూ ప్లస్సే. ఇండికేటర్ కొట్టిన ప్రతిసారీ ఆ మూల మొత్తం చీకటి. వెనక వచ్చే లారీకి నువ్వు కనపడాల్సిన సమయంలోనే కనపడవు. ఇది ఓపిక ఉన్నప్పుడు చూసుకునే రిపేరు కాదు.

కుడివైపు బాగుందన్నావు, ఆ ఒక్క ముక్కతో సగం వెతుకులాట తప్పింది. బండికీ ట్రైలర్‌కీ మధ్య ప్లగ్‌లో ఎర్త్ పోతే రెండు వైపులా ఇదే గోల ఉండేది. ఎడమవైపే ఉంది కాబట్టి ఎడమ లైట్ల డబ్బా నుంచి ఛాసిస్‌కి వెళ్లే చిన్న తీగ, దాని చివర థింబుల్ (తీగకి నొక్కే లోహపు ఉంగరం), ఆ థింబుల్ బిగించిన బోల్టు, ఈ మూడింట్లో ఒకటి. నా అనుమానం బోల్టు మీద. ట్రైలర్‌కి మళ్లీ పెయింట్ వేయించి అమ్మారన్నావు కదా. పెయింట్ మీద బోల్టు బిగిస్తే చూడ్డానికి గట్టిగా ఉంటుంది, మరలు తాకిన చోట కాస్త కరెంటు పోతుంది, రెండు వానాకాలాలు గడిచాక అదీ పోతుంది.

అయినా అనుమానంతో స్పానర్ పట్టుకోకు. ముందు తేల్చుకో. 5 మీటర్ల వైరు, రెండు చివర్లా మొసలి క్లిప్పులు, ఎస్పీ రోడ్డులో ఏ కొట్లో అయినా దొరుకుతాయి. ఒక చివర బండి బ్యాటరీ నెగిటివ్‌కి పెట్టు. చాలకపోతే ఇంకో ముక్క అతుకు. రెండో చివర ఎడమ లైటు హోల్డర్ ఎర్త్ తీగకి తాకించు. తాకించగానే పసుపు నిండుగా వెలిగి, ఎర్ర లైటు కొట్టుకోవడం ఆగిందా, పని అయిపోయింది, జబ్బు దొరికింది. వైరు, క్లిప్పుల ఖర్చు తప్ప ఇంకో రూపాయి పెట్టకుండా ఐదు నిమిషాల్లో తేలే విషయం ఇది.

మీటరు గురించి ఒక మాట. మల్టీమీటరు చేతికి రాగానే అందరూ హోల్డర్‌లో పెట్టి 12.4 చూపిస్తోంది, కరెంటు వస్తోంది అంటారు. లోడు లేనప్పుడు ఆ అంకెను నమ్మకు. మీటరు లాగే కరెంటు ఎంత తక్కువంటే, పదహారు పోగుల తీగలో పదిహేను తెగి ఒక్క పోగు మిగిలినా నిండు వోల్టేజీ చూపిస్తుంది. నేనూ ఇందులో పడ్డవాణ్ణే. ఒకసారి ఒక మిత్రుడి ఫుడ్ ట్రైలర్ అనంతపురం తీసుకెళ్తుంటే కొడికొండ చెక్‌పోస్టు దాటాక కుడి ఇండికేటర్ పోయింది. బల్బు మార్చాను, హోల్డర్ మార్చాను, మీటరు ప్రతిచోటా 12 చూపిస్తోంది. రోడ్డు పక్కన మూడు గంటలు. చివరికి ఛాసిస్ కింద పడుకుని తీగని వేళ్లతో తడుముతుంటే ఒకచోట మెత్తగా తగిలింది. పైతొక్క చెక్కుచెదరలేదు. బ్లేడుతో చీరితే లోపల రాగి లేదు, పచ్చటి పొడి ఉంది. మధ్యలో వెంట్రుకంత ఒక పోగు. మీటరుకి ఆ వెంట్రుక చాలు, 21 వాట్ల బల్బుకి చాలదు. ఆ రోజు నుంచి నా జేబులో 21 వాట్ల బల్బు, దానికి రెండు తీగలు ఉంటాయి. అనుమానం ఉన్నచోట ఆ బల్బు పెడతాను. నిండుగా వెలిగితేనే నమ్ముతాను.

మీటరు వాడాలంటే లైటు వెలుగుతుండగా వాడు. నల్ల పిన్ను బ్యాటరీ నెగిటివ్ మీద, ఎర్ర పిన్ను లైటు హోల్డర్ ఎర్త్ మీద పెట్టి ఇండికేటర్ వెయ్యి. తిరుగు దారి బాగుంటే 0.1, 0.2 వోల్టులు చూపిస్తుంది. మూడు, నాలుగు చూపిస్తే అన్ని వోల్టులూ దారిలోనే ఖర్చయిపోతున్నాయన్నమాట. ఎర్ర పిన్ను హోల్డర్ నుంచి థింబుల్‌కి, థింబుల్ నుంచి బోల్టుకి, బోల్టు నుంచి పెయింట్ గీకిన ఛాసిస్‌కి జరుపుకుంటూ రా. ఎక్కడ అంకె ఒక్కసారిగా పడిపోతుందో, అక్కడికీ దానికి ముందు పెట్టిన చోటుకీ మధ్యే చెడింది.

రిపేరు చెబుతాను. బోల్టు విప్పు. థింబుల్ కింద ఎమరీ పేపరుతో రూపాయి బిళ్లంత మేర పెయింట్ పోయి ఉక్కు తళతళలాడేదాకా గీకు. పాత థింబుల్ కత్తిరించి పారెయ్యి. తీగ లోపల పచ్చ చిలుము ఎంతదాకా ఎక్కిందో అంతా కోసెయ్యి, ఎర్రటి రాగి కనబడాలి. కొత్త థింబుల్ క్రింపింగ్ ప్లయర్‌తో నొక్కు, కటింగ్ ప్లయర్‌తో కొరకొద్దు. దాని మీద హీట్ ష్రింక్, అంటే వేడి చేస్తే ముడుచుకుని పట్టుకునే గొట్టం. పళ్ల వాషర్ వేసి బిగించు, బిగించాక పైన పెట్రోలియం జెల్లీ పూత. ఇన్సులేషన్ టేపు చుడితే చాలదా అంటావు. బెంగళూరు వానకి ఆ టేపు జిగురు కారి, లోపల నీళ్లు పట్టి ఉంచే సంచిలా తయారవుతుంది.

నన్నడిగితే అంతటితో ఆగను. ఛాసిస్‌ని తిరుగు దారిగా నమ్ముకోవడం మానేసి, ప్లగ్‌లోని ఎర్త్ పిన్ను నుంచి రెండు లైట్ల డబ్బాలకూ 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ నేరుగా లాగుతాను. మీ మెకానిక్ వైరింగ్ మొత్తం మార్చాలన్నదాంట్లో పనికొచ్చే ముక్క ఇదొక్కటే.

ప్లగ్ మాట వచ్చింది కాబట్టి. నీ ఫోటోలోది ఏడు పిన్నుల గుండ్రటి రకం, 12ఎన్ అంటారు. దాంట్లో పద్ధతి ప్రకారం 1 ఎడమ ఇండికేటర్, 2 ఫాగ్ లైటు, 3 ఎర్త్, 4 కుడి ఇండికేటర్, 5 కుడి టెయిల్, 6 బ్రేక్, 7 ఎడమ టెయిల్. తీగల రంగులకూ ఒక పద్ధతి ఉంది, తెల్లది ఎర్త్ అని, ఎర్రది బ్రేక్ అని. మన షాపుల్లో చేతికి ఏ చుట్ట దొరికితే ఆ చుట్ట వాడేస్తారు. రంగుని నమ్మకు, పిన్ను నంబరే చూడు. మిగతా పిన్నులు ఒక్కోటి ఒక్కో పని చేస్తాయి. మూడోది మాత్రం అందరి కరెంటూ మోస్తుంది, అందుకే మొదట కాలిపోయేదీ, చిలుము పట్టేదీ అదే. మగ పిన్నులకు మధ్యలో చీలిక ఉంటుంది. వదులైతే సన్నటి బ్లేడు ఆ చీలికలో పెట్టి కొంచెం విడదియ్యి, పట్టు వస్తుంది. ఎక్కువ తిప్పితే విరుగుతుంది.

ఇంకో చిన్న పరీక్ష. యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7ఏహెచ్ బ్యాటరీ ఒకటి, దాని ప్లస్ తీగకి 10 ఆంపుల ఫ్యూజు. నెగిటివ్ ట్రైలర్ ప్లగ్ మూడో పిన్నుకి పెట్టి, ప్లస్‌ని ఒక్కో పిన్నుకి తాకించు. బండితో సంబంధం లేకుండా లైట్లన్నీ సరిగ్గా వెలిగితే తప్పు బండి వైపు ఉంది, లేకపోతే ట్రైలర్ వైపు. ఎవరి మీద ఎవరు నింద వేస్తున్నా ఇది ఒక్క దెబ్బకి తేల్చేస్తుంది. బండి ప్లగ్ కలిపి లైట్లు చూసే పరీక్షలు మాత్రం ట్రైలర్‌ని హుక్కు నుంచి విప్పి, కాస్త జరిపి చెయ్యి. హుక్కు బంతి మీద కూర్చుని ఉంటే ఆ ఇనుము గుండానే ఎర్త్ దొరికి, చెడ్డ ప్లగ్ కూడా మంచిదానిలా కనిపిస్తుంది. గ్రీసు, తుప్పు ఉన్న బంతి మీద ఆధారపడ్డ ఎర్త్ గతుకు వచ్చినప్పుడల్లా వస్తూ పోతూ ఉంటుంది. ఆగి ఉన్నప్పుడు బాగుండి, సిల్క్ బోర్డు దగ్గర గుంతల్లో పోయే లైట్ల రహస్యం చాలాసార్లు ఇదే.

ఎల్ఈడీ సంగతి. పెట్టుకో, మంచిదే, కానీ ఎర్త్ బాగుచేశాక. ఇప్పుడే పెడితే ఏమవుతుందంటే, ఎల్ఈడీలో కరెంటు ఎదురు దిక్కుకి పోదు. ఎర్ర లైటు కొట్టుకోవడం ఆగిపోతుంది, బాగైందనుకుని డబ్బులిస్తావు, పసుపు లైటు మాత్రం అసలే వెలగదు. జబ్బు అలాగే ఉంటుంది, అది చూపించే లక్షణం మాయమవుతుంది. నిజంగా లాభం ఎక్కడుందంటే ఇండికేటర్‌ని వెలిగించి ఆర్పే ఫ్లాషర్ రిలే దగ్గర. నీ బండికి ఒక వైపు ముందు 21, వెనక 21, పక్క చిన్నది 5 వాట్లు. ట్రైలర్‌ది ఇంకో 21 కలిపితే 68. హజార్డ్ (అన్ని ఇండికేటర్లూ ఒకేసారి) వేస్తే రెండు వైపులా 136 వాట్లు, అంటే 11 ఆంపులు దాటుతుంది. మామూలు ఫ్లాషర్ రిలేలు ట్రైలర్‌ని దృష్టిలో పెట్టుకుని చేసినవి కావు. ట్రైలర్ వైపు ఎల్ఈడీ అయితే ఆ అదనపు భారం దాదాపు పోతుంది. హుక్కు పెట్టినవాళ్లు టెయిల్ వైర్లని నేరుగా గిల్లి జతచేశారా, రిలే బాక్సు పెట్టారా అనేది కూడా చూడు. బ్యాటరీ నుంచి ఫ్యూజుతో వేరే తీగ వచ్చే రిలే బాక్సే మంచిది. ఎప్పుడైనా కొత్త బండి కొంటే దానికి మాత్రం గిల్లుడు పనికిరాదు, వాటిలో లైట్లని కంప్యూటర్ గమనిస్తూ ఉంటుంది, ట్రైలర్ లైట్ల కోసమే చేసిన ట్రైలర్ మాడ్యూల్ తప్పనిసరి.

లోపలి లైట్లు డిమ్ అవడం సులువైన విషయం. నీ ఫోటోలో పంపు, లైట్లు ఒకే సన్నటి తీగ మీద ఉన్నాయి, చూస్తే 1 చదరపు మిల్లీమీటరు ఉంటుంది. బ్యాటరీ నుంచి 6 మీటర్లు, పోను రాను 12 మీటర్లు. ఆ తీగకి మీటరుకి సుమారు 0.018 ఓములు, మొత్తం 0.22. పంపు 5 ఆంపులు లాగితే 1.1 వోల్టు దారిలోనే పోతుంది. లైట్లు డిమ్ అవక ఏం చేస్తాయి! పంపుకి వేరుగా 2.5 తీగ, వేరే ఫ్యూజుతో లాగు. బ్యాటరీ కూడా చూసుకో: లెడ్ యాసిడ్ అయితే రాత్రంతా ఏమీ వాడకుండా వదిలేసి పొద్దున చూస్తే 12.6 పైన ఉండాలి. 12.2 ఉంటే సగమే ఉంది. ఇంకా కిందికి దిగితే ఆ బ్యాటరీని గండికోట దాకా మోసుకెళ్లి లాభం లేదు. అందం కోసం అంటించిన 5 మీటర్ల ఎల్ఈడీ స్ట్రిప్ కూడా తక్కువదేం కాదు. ఒత్తుగా ఉండే 5050 రకం, మీటరుకి 60 దీపాలది అయితే 72 వాట్లు, 6 ఆంపులు. పంపుకంటే ఎక్కువ, పైగా అది గంటలకొద్దీ వెలుగుతుంది.

ఈ ఆదివారం క్లిప్పు వైరు పరీక్ష చేసి మూడు అంకెలు రాసి పెట్టు. ఎడమ ఇండికేటర్ కొట్టుకుంటుండగా బ్యాటరీ నెగిటివ్‌కీ ఎడమ హోల్డర్ ఎర్త్‌కీ మధ్య ఎంత. పంపు తిరుగుతుండగా ట్రైలర్ బ్యాటరీ మీద ఎంత, అప్పుడే సీలింగ్ లైటు దగ్గర ఎంత. థింబుల్ విప్పాక బోల్టు కింద ఎలా ఉందో ఒక ఫోటో కూడా. షాపు మూసేసరికి ఎనిమిదిన్నర అవుతుంది, ఇంటికెళ్లి తిన్నాక చూసి చెబుతాను.